గుల్మార్గ్ మంచు మీద హైదరాబాద్ కాళ్లు: మొద్దుబారకుండా, తల తిరగకుండా స్కీయింగ్ చేయడం ఎలా?

2021లో కంగారుగా కొని, తర్వాత సొరుగులో పడేసిన పల్స్ ఆక్సీమీటర్ మీ ఇంట్లో ఇంకా ఉంటే బయటికి తీసి బ్యాటరీలు మార్చండి. స్కీయింగ్‌కు హైదరాబాద్ నుంచి బయలుదేరేవాళ్ల సామాన్లలో ఖరీదైన జాకెట్ కంటే ముందు దానికే చోటు ఇవ్వాలంటాను.

మనం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో బతుకుతున్నాం. కశ్మీర్‌లోని గుల్మార్గ్ ఎత్తు 2,650 మీటర్లు. అక్కడి గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, మొదటి దశలో కొంగ్‌డూరి దాకా, అంటే దాదాపు 3,080 మీటర్లకు, రెండో దశలో అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకు తీసుకెళ్తుంది. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఆ లెక్కన హైదరాబాద్‌లో ఒక శ్వాసకు వంద పాళ్ల ఆక్సిజన్ లోపలికి వెళ్తుందనుకుంటే, శ్రీనగర్‌లో సుమారు 88, గుల్మార్గ్‌లో 77, గొండోలా పైకొసన 65 పాళ్లు వెళ్తుంది. పొద్దున శంషాబాద్‌లో విమానమెక్కి రాత్రికి గుల్మార్గ్ హోటల్లో దుప్పటి కప్పుకుంటే, ఈ తేడాకు అలవాటు పడే వ్యవధి శరీరానికి దొరకదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన పొరపాట్లు రెండు. చలి కదా అని రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగి, స్కీ బూటు బకిల్స్ అన్నీ పళ్లు బిగబట్టి బిగించాను. సెలవు నాలుగు రోజులే కదా అని, చేరిన మర్నాడే పైకొసకు వెళ్లాను. మధ్యాహ్నానికి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. రాత్రికి తల పగిలిపోయింది. చలికీ ఎత్తుకూ సర్దుకునే విద్య శరీరానికి పుట్టుకతోనే వచ్చు. బిగించి ఒకదాన్ని, తొందరపెట్టి ఇంకొకదాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఈ రెండూ మీరు చేయకుండా ఉండేందుకే ఇది రాస్తున్నాను.

రెండు, మూడు నెలల ముందు: రక్త పరీక్ష

మొదటి పని హిమోగ్లోబిన్ చూపించుకోవడం. అందే ఆక్సిజనే తక్కువైన చోట, దాన్ని మోసే బండ్లు కూడా తక్కువైతే ఆయాసం రెట్టింపవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఇంట్లో ఆడవాళ్లు ప్రయాణానికి వస్తుంటే ఈ పరీక్షను వాయిదా వేయకండి. ఐరన్ మాత్రలతో రక్తం పుంజుకోవడానికి నెలలు పడుతుంది. టికెట్లు కొన్న వారంలోనే పరీక్ష చేయించుకోమనేది అందుకే.

ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ లక్షణం (ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చగల, వారసత్వంగా వచ్చే గుణం) ఉందని తెలిస్తే డాక్టరుకు తప్పక చెప్పండి. మామూలుగా ఏ ఇబ్బందీ పెట్టని ఆ లక్షణం, ఎత్తైన చోట్ల ప్లీహానికి రక్తం అందకుండా చేసి తీవ్రమైన కడుపునొప్పి తెచ్చిన సందర్భాలున్నాయి. మన రాష్ట్రంలో ఆదివాసీ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఇది దూరపు మాట కాదు.

మధుమేహం ఉన్నవారి సంగతి వేరే చెప్పాలి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే చలి కొరుకుతున్నా తెలియదు. అందుకని నొప్పి కోసం ఎదురుచూడకుండా గంటకోసారి కళ్లతోనే చూసుకోవాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. బ్యాగులో కాకుండా ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో పెట్టుకోండి. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మందులు కొందరికి చేతులూ కాళ్లూ చల్లబడేలా చేస్తాయి. వాటిని సొంతంగా మానకండి, ప్రయాణం సంగతి చెప్పి సలహా అడగండి. ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీసినప్పుడల్లా వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతుంటే దాన్ని రేనాడ్స్ అంటారు. అలాంటివారు స్కీయింగ్ మానక్కర్లేదు గానీ చేతుల విషయంలో అందరికంటే రెండింతలు జాగ్రత్త పడాలి. గుండె జబ్బు, గర్భం ఉన్నవారు డాక్టరు సరేననకుండా టికెట్ కొనవద్దు.

పొగతాగే అలవాటు ఉంటే మానడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. నికోటిన్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. చలి చేసేదీ అదే పని.

కాళ్లకు సాధన: ఎక్కడం కంటే దిగడం

స్కీయింగ్ అంటే పొద్దస్తమానం మెట్లు దిగుతున్నట్టే. తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద గంట పరుగెత్తేవారు కూడా మంచు మీద మొదటి రోజే కుంటడానికి కారణం ఇదే. మనకు మెట్లకు కరువా? గోల్కొండ బాలాహిస్సార్‌కు ఎక్కి దిగండి, మౌలాలి గుట్ట ఎక్కి దిగండి. అంత దూరం కుదరకపోతే అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఎక్కేటప్పుడు లిఫ్ట్ వాడినా నేనేమీ అనను, దిగేటప్పుడు మాత్రం మెట్ల మీదే, నెమ్మదిగా, ఒక్కో అడుగు ఆపి దిగండి. మోకాళ్లు నొప్పెడితే ఆపేయండి.

ఇంట్లో చేసేవాటికి కొత్త పేర్లు అక్కర్లేదు. బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ, గుంజీలు చాలు. గోడకుర్చీ మొదట 30 సెకన్లు వేసి, ఆరు వారాల్లో రెండు నిమిషాల దాకా పెంచండి. వీటికి తోడు పళ్లు తోముకుంటూ మునివేళ్ల మీద పాతికసార్లు లేచి దిగండి. పిక్క కండరం ముడుచుకున్నప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. విమానంలో కూర్చున్నప్పుడూ అదే పనికొస్తుంది.

ఒక భ్రమ మాత్రం పెట్టుకోకండి. వ్యాయామం కాళ్లను కాపాడుతుంది, పలుచని గాలి వల్ల వచ్చే ఎత్తు జబ్బు నుంచి కాపాడదు. మారథాన్ పరుగెత్తేవారికీ రావచ్చు, పొట్ట పెంచినవారికి రాకపోనూ వచ్చు. పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ సాధన మొదలైంది మన భువనగిరి బండ మీదే. అయినా ఆ తర్వాత డార్జిలింగ్‌కూ లద్దాఖ్‌కూ వెళ్లవలసి వచ్చింది. బండ ఎక్కే నేర్పు ఇక్కడ దొరుకుతుంది, పలుచని గాలి దొరకదు.

బూటు, మేజోళ్లు, చేతి తొడుగులు

ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే కాళ్లు చల్లబడ్డాయని ఫిర్యాదు చేసేవారిలో ఎక్కువమంది అసలు సమస్య చలి కాదు, బిగింపు.

చలి తగలగానే శరీరం పొట్ట, గుండె, మెదడు ఉన్న చోటికి రక్తాన్ని మళ్లించుకుంటుంది. కాలువలో నీళ్లు తగ్గినప్పుడు ముందు ఎండేది ఆయకట్టు శివారు పొలమే కదా, మన వేళ్లూ అలాంటి శివారు పొలాలే. అందుకని వేళ్లను వెచ్చగా ఉంచాలంటే ముందు నడుమును, మెడను, తలను వెచ్చగా ఉంచాలి. కాలువ నిండితే నీళ్లు శివారుకూ వస్తాయి. అప్పుడు మనమే మధ్యలో అడ్డుకట్ట వేయకూడదు.

మీ పాదం పైభాగాన, బొటనవేలి ఎముకకు సూటిగా కాస్త పైన వేలు ఆనించి చూడండి. నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. వేళ్లకు రక్తం తెచ్చే నాళాల్లో అదొకటి. స్కీ బూటు కింది బకిల్స్ సరిగ్గా దాని మీద కూర్చుంటాయి. కాబట్టి పాదం మీది రెండు బకిల్స్ కేవలం మూసుకునేంత పెట్టండి. పట్టు దొరకవలసింది చీలమండ దగ్గర, ముంగాలి దగ్గర. పైబకిల్స్ అక్కడ గట్టిగా పెట్టుకోవచ్చు. బూటు అద్దెకు తీసుకునేటప్పుడు నిటారుగా నిలబడితే వేళ్ల చివర్లు ముందుభాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. పెద్ద సైజు తీసుకుంటే హాయిగా ఉంటుందనుకోకండి. అది జారుతుంటుంది, జారకుండా మీరే బకిల్స్ మరింత బిగిస్తారు, కథ మొదటికొస్తుంది. దుకాణంలో మీ వెనక పదిమంది నిలబడి ఉన్నా మొహమాటపడకుండా మూడు జతలు తొడిగి చూడండి.

మేజోళ్లు ఒక్క జతే. పలుచగా, మోకాలి దాకా ఉండే ఉన్ని మేజోళ్లు. నూలువి వద్దు, చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి. లోపల వేసుకునే థర్మల్ ప్యాంటు అంచును బూటులోకి దోపకండి, ఆ మడత కూడా ఒక కట్టే. హోటల్ నుంచి వేసుకొచ్చిన మేజోళ్లు అప్పటికే చెమ్మగిల్లి ఉంటాయి. మంచు దగ్గర బూటు తొడిగే ముందు పొడి జత మార్చుకోండి. ఈ ఒక్క చిట్కాకు నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

చేతులకు, నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉండే తొడుగులు ఐదు వేళ్లవాటి కంటే వెచ్చన. వేళ్లు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. లోపల పలుచని గ్లౌజులు వేసుకుంటే, ఫోను తీసినప్పుడు చర్మం గాలికి తగలదు. తొడుగుల్లో గుప్పిట సులువుగా మూసి తెరవగలగాలి. దిగువ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌ను నేను పిల్లల ఆటస్థలంగానే చూసేవాణ్ని, ఇప్పుడు కొత్త గ్లౌజులు కొన్నప్పుడల్లా అక్కడికి వెళ్లి గంటసేపు పరీక్షిస్తాను. చలికాలంలో నగరంలో టిబెటన్లు పెట్టే స్వెట్టర్ల దుకాణాల్లో మెడపట్టీలు, టోపీలు చవగ్గా దొరుకుతాయి. వాటికి వేలు పోయనక్కర్లేదు.

ప్రయాణం, మొదటి రెండు రోజులు

కొత్తవారైతే ఫిబ్రవరిలో వెళ్లండి. డిసెంబరు 21న మొదలై నలభై రోజులు సాగే చిల్లాయ్ కలాన్ అనే గడ్డు చలికాలంలో కశ్మీరీలే ఇళ్లలోంచి బయటికి రావడానికి ఇష్టపడరు, మనకెందుకు పంతం?

వెళ్లే ముందు హైదరాబాద్‌లో మూడు రోజులు, రోజూ ఒకే సమయానికి ఆక్సీమీటర్ అంకె (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూసి రాసుకోండి. అది మీ సొంత కొలబద్ద. గుల్మార్గ్‌లో చాలామందికి అది 90కి కాస్త అటూ ఇటూ వస్తుంది. పైకొసన 80ల్లోకి దిగడమూ మామూలే. ఒక్క మెలిక ఉంది. చల్లబడిన వేలిలో రక్తప్రసరణ తక్కువ కాబట్టి యంత్రం తప్పుడు అంకె చూపిస్తుంది. గదిలో కూర్చుని, చేతులు రుద్దుకుని వెచ్చబరచుకున్నాక, గోళ్లరంగు లేని వేలికి పెట్టి, ఒక నిమిషం ఆగి చూడాలి. అంకె బాగుండి తల తిరుగుతుంటే తలనే నమ్మండి.

వీలైతే మొదటి రాత్రి 1,585 మీటర్ల శ్రీనగర్‌లో పడుకోండి. మర్నాడు గుల్మార్గ్ చేరాక ఆ రోజంతా ఊరు చుట్టూ నడవడం తప్ప ఏ పనీ పెట్టుకోవద్దు. గుల్మార్గ్‌లో రెండో రోజు, ఊరి పక్కనే 2,650 మీటర్ల దగ్గర ఉన్న కొత్తవారి వాలుల్లోనే నేర్చుకోండి. అసలు మొదటిసారి నేర్చుకునేవారికి గొండోలా అవసరమే లేదు. మూడో రోజు కొంగ్‌డూరి. రెండో దశ నాలుగో రోజో, అంతకు తర్వాతో. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి కిందికి వచ్చి పడుకోవడం కొండలెక్కేవారి పాత పద్ధతి. గుల్మార్గ్‌లో అది అడక్కుండానే కుదురుతుంది. హిమాచల్‌లోని సోలంగ్‌కు స్కీయింగ్‌కు వెళ్లేవారు 2,050 మీటర్ల మనాలిలో బస చేస్తే అదే లాభం.

ఈ రెండు రోజుల్లో శరీరం ఊపిరి వేగం పెంచుతుంది, మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపుతాయి. మూత్రం ఎక్కువ రావడం మంచి గుర్తే. కొత్త ఎర్ర రక్తకణాలు తయారవడానికి వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజుల ప్రయాణంలో వాటి మీద ఆశ పెట్టుకోకండి. రాత్రి నిద్రలో ఊపిరి కాసేపు ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం చాలామందికి జరుగుతుంది. భయపడకండి. మద్యం, నిద్రమాత్రలు మాత్రం ఆ ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. పైగా మద్యం చర్మంలోని నాళాలను తెరిచి ఒంట్లోని వేడిని బయటికి పంపుతుంది, వెచ్చబడ్డామన్న భ్రమ మాత్రం మిగులుస్తుంది.

తిండి విషయంలో మనవాళ్లకో శుభవార్త. పిండి పదార్థాన్ని కరిగించుకోవడానికి, కొవ్వుతో పోలిస్తే తక్కువ ఆక్సిజన్ చాలు. అంటే అన్నం మానక్కర్లేదు. ఆకలి ఎలాగూ మందగిస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. జేబులో ఖర్జూరాలు పెట్టుకోండి. పల్లీపట్టీ చలికి రాయిలా మారి పంటిని అడుగుతుంది, అనుభవంతో చెబుతున్నాను. దాహం వేయకపోయినా గంటకోసారి కొద్దిగా నీళ్లు తాగండి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు, అంతకుమించి బలవంతంగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

గదిలో బుఖారీ (కట్టెల పొయ్యి) గానీ గ్యాస్ హీటర్ గానీ ఉంటే కిటికీ ఒక వేలెడు తెరిచి ఉంచండి, పడుకునే ముందు ఆర్పేయండి. కార్బన్ మోనాక్సైడ్ వల్ల వచ్చే తలనొప్పి అచ్చం ఎత్తు తలనొప్పిలాగే ఉంటుంది. ఆక్సీమీటర్ కూడా దాన్ని పట్టలేదు, పైగా అంకె బాగానే చూపిస్తుంది. గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే బయటికి నడవండి.

మంచు మీద

గొండోలాలోనో లిఫ్ట్‌లోనో కూర్చున్న ప్రతిసారీ బకిల్స్ వదులు చేయండి, దిగాక మళ్లీ పెట్టుకోండి. బూటులోపల వేళ్లు ఆడిస్తూ ఉండండి. చేతులు కొంకర్లు పోతున్నాయనిపించగానే ఫాస్ట్ బౌలర్ చెయ్యి తిప్పినట్టు ఒక్కో చేతిని భుజం నుంచి గుండ్రంగా ఇరవై ముప్పై సార్లు వేగంగా తిప్పండి. ఆ విసురుకు రక్తం వేళ్ల కొసలకు చేరుతుంది. కాలికైతే స్కీ విప్పి, కర్ర ఊతగా నిలబడి, తుంటి దగ్గర్నుంచి కాలిని గడియారం లోలకంలా ముందుకూ వెనక్కూ ఊపండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

చలికి వేలు నొప్పెడుతుంటే ఇంకా సమయముంది. నొప్పి ఆగిపోయి మైనంలా తెల్లబడితే ప్రమాదం. వెంటనే లోపలికి వెళ్లి ఆ వేళ్లను చంకలో పెట్టుకోండి. ముక్కు, చెవులు, బుగ్గల మీద తెల్లమచ్చ మనకు కనిపించదు, కాబట్టి జంటగా తిరుగుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకోండి. మంచుతో రుద్దడం పాతకాలపు పొరపాటు, చర్మం చిట్లుతుంది. చలిమంట దగ్గరా, కశ్మీరీలు ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల పట్టుకునే కాంగ్డీ కుంపటి మీదా పెట్టకండి. స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల వేన్నీళ్లలో, మోచేతికి గోరువెచ్చగా అనిపించేంత వేడిలో ఉంచాలి. అరగంటలో రంగూ స్పర్శా రాకపోతే, లేదా బొబ్బలు వస్తే, డాక్టరు దగ్గరికి. మళ్లీ చలిలోకి వెళ్లక తప్పదంటే మాత్రం కరిగించవద్దు. కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం మొదటిదానికంటే ఎక్కువ.

నల్ల కళ్లద్దాలు తీయకండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 80 శాతాన్ని తిరగ్గొడుతుంది.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు దిగాలి

చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, దానికి తోడు వికారమో, తల తిప్పో, నిస్త్రాణో ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోండి. అజీర్తి అనీ నిద్రలేమి అనీ సర్ది చెప్పుకోకండి. అక్కడే ఆగి, పారాసెటమాల్ వేసుకుని, విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గేదాకా ఒక్క మీటరు కూడా పైకి వెళ్లవద్దు. గొండోలా టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి.

ఎత్తు జబ్బు రాకుండా ముందుగా వేసుకునే ఎసిటజోలమైడ్, అదే డయామాక్స్, అందరికీ అవసరం లేదు. ఇంతకుముందు ఎత్తు జబ్బు వచ్చినవారికీ, ఒకే రోజులో బాగా ఎత్తుకు చేరేవారికీ డాక్టర్లు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి ఇస్తుంటారు. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. వేళ్లలో తిమ్మిర్లు దాని మామూలు దుష్ఫలితం కాబట్టి దాన్ని చలి తిమ్మిరితో కలగలపకండి. సోడా కూడా చప్పగా అనిపిస్తుంది.

రెండు గుర్తులుంటే మాత్రం అర్ధరాత్రైనా దిగాల్సిందే. ఒకటి, కూర్చున్నా తగ్గని ఆయాసం, దగ్గు, గులాబీరంగు నురగ. అది ఊపిరితిత్తుల్లో నీరు, ఎక్కువగా రెండో రాత్రి తర్వాత బయటపడుతుంది. రెండోది, మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమంటే తూలడం, మాట తడబడటం. అది మెదడు వాపు. గుల్మార్గ్ ఎత్తులో ఇవి అరుదు, కానీ అసాధ్యం కావు. 1962 యుద్ధ కాలంలో హడావుడిగా హిమాలయాలకు తరలించిన మన సైనికుల్లో 1,925 మంది ఎత్తు జబ్బు వివరాలను సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1969లో ప్రచురించారు. ఆరోగ్యంగా, కండపుష్టితో ఉన్న యువకులే వాళ్లంతా.

గుల్మార్గ్‌లో ఉన్నవారికి ఊరట ఏమిటంటే, 13 కిలోమీటర్ల దూరంలోని టంగ్‌మార్గ్ దాదాపు 500 మీటర్లు కిందికి ఉంటుంది. చాలాసార్లు ఆ మాత్రం దిగడంతోనే మనిషి తేరుకుంటాడు, లేకపోతే అక్కడి నుంచి శ్రీనగర్ ఆసుపత్రికి దారి ఉంది. కాకపోతే మంచు కురిసిన రాత్రి ఆ రోడ్డు మీద మామూలు కారు కదలదు. అందుకే చేరిన రోజే, తలనొప్పి రాకముందే, చక్రాలకు గొలుసులున్న బండి ఎవరి దగ్గరుందో, రాత్రిపూట పిలిస్తే వస్తారో లేదో హోటల్‌వారిని అడిగి, ఆ డ్రైవరు నంబరు కాగితం మీద రాసి తలగడ దగ్గర పెట్టుకోండి. చలికి ఫోను చార్జింగ్ హఠాత్తుగా పడిపోతుంది.